పెరటి షెడ్డులో రాసే రచయిత్రి జీవితం: అపోహలు – వాస్తవాలు

పదకొండేళ్లుగా నా ఆఫీసు మా పెరట్లోని షెడ్డే. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఒకప్పుడు అందులో పలుగూ పారా, ఖాళీ కుండీలు, ఎరువు బస్తాలు ఉండేవి. ఇప్పుడు ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు రెండు అరలు, ఒక కిటికీ. పార మాత్రం ఇంకా ఆ మూలే ఉంది, తోటపని కూడా నాదే కాబట్టి. కథలు, నవలలు, వ్యాసాలు, వేరేవాళ్ల రాతప్రతులు సరిచేసే పని, అన్నీ ఇక్కడే చేస్తాను. ఈ చోటంటే నాకు ప్రాణం. అందుకే దీని గురించి వినిపించే కొన్ని మాటలు విన్నప్పుడు ఊరుకోబుద్ధి కాదు. వాటిని నమ్మి కొత్తగా రాయాలనుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకోవడం చూశాను, అంతకంటే ఎక్కువగా ధైర్యం పోగొట్టుకోవడం చూశాను.

అపోహ: పెరట్లో ప్రశాంతంగా కూర్చుంటే రాత దానంతట అదే వస్తుంది.

వాస్తవం: పెరడంత సందడి ఇంట్లో కూడా ఉండదు. కప్పు మీద పిట్టలు గెంతుతుంటాయి. పక్కింటి మోటారు మోగుతుంటుంది. వాన మొదలైతే రేకు మీద చప్పుడుకు ఫోన్లో అవతలి మనిషి మాట వినపడదు. ప్రశాంతత కోసమే షెడ్డు కట్టుకునేవాళ్లు మొదటి నెలలోనే నిరాశపడతారు.

షెడ్డు వల్ల నాకు జరిగిన మేలు వేరు. ఇక్కడ పనిని మధ్యలో వదిలి లేవగలను. అంతకుముందు భోజనాల బల్ల మీద రాసేదాన్ని. పూటకోసారి అన్నీ ఎత్తేయాలి. బల్ల మీద కాగితాలు ఏ వరుసలో పరుచుకున్నానో ఆ వరుసలోనే నా ఆలోచన ఉండేది. రెండో అధ్యాయం పక్కన ఏడో అధ్యాయంలోని పేజీ, దాని కింద ఒక పాత ఉత్తరం. అన్నీ కలిపి దొంతి పెట్టగానే ఆ వరుస పోయేది. మళ్లీ పేర్చుకునేసరికి అరగంట పట్టేది, ఒక్కోసారి ఆ రోజుకిక కుదిరేదే కాదు. ఇప్పుడు సాయంత్రం వాక్యం సగంలో ఉండగానే ఆపి, పెన్ను ఆ కాగితం మీదే పెట్టి తలుపు వేసేస్తాను. పొద్దున వచ్చేసరికి సగం వాక్యం, దాని మీద పెన్ను అలాగే ఉంటాయి. కూర్చోగానే మిగతా సగం రాస్తాను, దాంతో రోజు మొదలైపోతుంది. ఖాళీ కాగితం ముందు కూర్చునే టెన్షన్ ఈ ఒక్క అలవాటుతో చాలావరకు పోయింది.

అపోహ: రచయిత్రి అంటే రోజంతా రాస్తూనే ఉంటుంది.

వాస్తవం: నేను కొత్తగా రాసేది రోజుకు మూడు గంటలే, పొద్దున ఏడున్నర నుంచి పదిన్నర దాకా. కలిసొచ్చిన రోజు 600 మాటలు వస్తాయి. కొన్ని రోజులు ఒక్క పేరా. మిగతా పగలంతా రాతకు సంబంధించిన వేరే పనులే. నిన్నటి పేజీలు ప్రింటు తీసి పెన్సిల్‌తో దిద్దడం, ఎడిటర్ అడిగిన సందేహాలకు జవాబులు, ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు చూడమని పంపే పేజీలు), ఇన్వాయిస్‌లు, ఒప్పంద పత్రాలు చదవడం. ఒక ప్రచురణ సంస్థ నుంచి రావలసిన చిన్న మొత్తం కోసం ఏడాదిన్నర పాటు ప్రతి నెలా మొదటి వారం ఒక మెయిల్ రాశాను. ఆ మెయిల్ రాయడం కూడా నా పనే.

ప్రూఫులు దిద్దడమంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పుస్తకాన్ని చదివినట్టు చదివితే తప్పు కనపడదు. కన్ను అర్థం వెంట పరుగెడుతూ, లేని అక్షరాన్ని కూడా తనే పూరించుకుని ముందుకు పోతుంది. అందుకని ఒక స్కేలు తీసుకుని కింది లైన్లు కప్పేస్తాను. ఒక్కో లైనూ బయటికి చదువుతాను. మరీ ముఖ్యమైన పేజీలైతే చివరి లైను నుంచి పైకి వస్తాను. అర్థం తెగిపోతుంది కాబట్టి జారిపోయిన ఒత్తు, రెండుసార్లు పడిన మాట అప్పుడు దొరుకుతాయి. గంటకు పది పేజీలు దాటితే నా కంటిని నేను నమ్మను.

రోజుకు మూడు గంటలేనా అని అడిగేవాళ్లకు పేరున్న రచయితల లెక్కలు చెబుతాను. ఇంగ్లండులోని గ్రేట్ మిస్సెండెన్ అనే ఊళ్లో పిల్లల కథల రచయిత రోఆల్డ్ డాల్ తన తోటలోని గుడిసెలో పొద్దున ఓ రెండు గంటలు, సాయంత్రం ఓ రెండు గంటలు కూర్చునేవాడు. యుద్ధకాలంలో విమానం కూలి వెన్ను దెబ్బతిన్న మనిషి ఆయన. బల్ల దగ్గర కూర్చోలేక, వాలు కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక పలక పెట్టుకుని పెన్సిల్‌తో రాశాడు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున అయిదున్నరకు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడు. ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్లేవాడు. అలాగే 47 నవలలు రాశాడు. ఆ వేగం నాకు లేదు. కానీ తక్కువ గంటలు రోజూ తప్పకుండా కూర్చుంటే ఏమవుతుందో అందులో కనపడుతుంది.

అపోహ: ఇంటిపట్టునే ఉంటుంది కదా, ఎప్పుడు పిలిచినా పలుకుతుంది.

వాస్తవం: మొదటి రెండేళ్లు నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. తలుపు కొట్టి "ఒక్క నిమిషం" అంటారు. ఆ నిమిషం నిజంగా నిమిషమే. కానీ సగంలో ఉన్న ఒక పాత్ర మాట మళ్లీ నా చెవికి అందడానికి చాలాసేపు పడుతుంది. నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా తన తోటలోని చిన్న చెక్క గదికి "లండన్" అని పేరు పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తే ఆయన లండన్‌లో ఉన్నారని ఇంట్లోవాళ్లు చెప్పేవారు, అబద్ధం ఆడినట్టూ ఉండేది కాదు. నేను అంత దూరం పోలేదు. తలుపుకు ఒక ఎర్ర గుడ్డ కట్టి ఉంటే పదిన్నర దాకా ఎవరూ రాకూడదని ఇంట్లో మాట అనుకున్నాం. ఒంట్లో బాగోకపోయినా, ఏదైనా ప్రమాదం జరిగినా తప్ప. పిల్లలు పెద్దవాళ్లకంటే ముందే ఆ మాట నిలబెట్టారు.

అపోహ: నాలుగు చెక్కలు, ఒక రేకు, ఒక బల్బు ఉంటే చాలు.

దీని మీద నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే నష్టపోయేది కాగితాలే కాదు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

మొదట తేమ. మా షెడ్డులో మొదటి చలికాలం దిద్దిన ప్రూఫులు 40 పేజీలు బల్ల మీద వదిలి వెళ్లాను. పొద్దున చూస్తే అంచులు అలల్లా వంకరపోయాయి. ఇంక్‌జెట్ అక్షరాలు చుట్టూ నీలం నీడలా పాకాయి. నడిమి పేజీల మీద గుండ్రటి మచ్చలు. పైకి చూస్తే రేకు లోపలి వైపు నీటి బొట్లు వరుసగా వేలాడుతున్నాయి. వాన పడలేదు, కప్పుకు చిల్లి లేదు. రాత్రి రేకు చల్లబడితే, లోపలి వెచ్చటి గాలిలోని తేమ దానికి తగిలి నీరై కారింది. ఆ తేమలో ఎక్కువ భాగం నా ఊపిరే. తర్వాత రేకు కింద థర్మాకోల్ పలకలు బిగించి, వాటి కింద చెక్క వేయించాం. పలకల అతుకులన్నీ టేపుతో మూయించాం, గది గాలి రేకు దాకా పోకుండా. కప్పుకు పైన తెల్ల రంగు వేశాక ఎండాకాలం బాధ కూడా తగ్గింది. నేలను ఇటుకల మీద ఎత్తించాం, చెక్క మట్టికి తగలకుండా. తగిలితే చెదలు ఆహ్వానం అక్కర్లేకుండానే వస్తాయి.

రెండోది గాలి. చాలామంది ఇదే మర్చిపోతారు. చలికి భయపడి సందులన్నీ మూసేస్తారు. నా షెడ్డులో పట్టే గాలి సుమారు 9,500 లీటర్లు. కూర్చుని పనిచేసే మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలి ఆడకుండా తలుపు బిగిస్తే గంటలోనే అది 2000 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 2000 వంతులు) దాటుతుంది. బయటి గాలిలో ఉండేది 420 పీపీఎం ప్రాంతంలో. పదింటికల్లా తల బరువెక్కి, కళ్లు మూతలు పడుతుంటే అది నా బద్ధకమని ఎన్నో నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. తలుపు కింద ఒక సందు, ఎదురు గోడకు పైన మరో సందు పెట్టించాక ఆ మగత పోయింది. రాయలేకపోతున్నానని కుంగిపోయే ముందు కిటికీ తెరిచి చూడండి, నిజంగా అంటున్నాను.

మూడోది వేడి, కరెంటు. మూసిన షెడ్డులో బొగ్గుల కుంపటి గానీ పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ గానీ ఎప్పుడూ పెట్టకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని చంపుతుంది. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు గడ్డి మీదుగా లాక్కుని ఏళ్లు గడపడం కూడా ప్రమాదమే. ఎలక్ట్రీషియన్‌తో భూమిలోంచి సరైన కేబుల్ వేయించి, 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎర్త్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించండి. కుర్చీ తర్వాత కొన్నా ఫరవాలేదు.

అపోహ: తోట కనపడేలా బల్ల కిటికీకి ఎదురుగా వేసుకోవాలి.

వాస్తవం: ఫొటోకు బాగుంటుంది. రెండు గంటల్లో కళ్లు మండుతాయి. స్క్రీన్ వెనక అంత వెలుతురుంటే కన్ను ఇటూ అటూ సర్దుకోలేక అలసిపోతుంది. కిటికీ పక్కకు ఉండాలి. కుడిచేత్తో రాసేవాళ్లకు ఎడమ వైపు ఉంటే చెయ్యి నీడ కాగితం మీద పడదు. తోట చూడాలనిపిస్తే లేచి బయటికి వెళ్లి చూస్తాను, కాళ్లకూ అది మంచిదే.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే ఏకాగ్రత కుదురుతుంది.

కొంత నిజం. నా వైఫై షెడ్డు దాకా సరిగా అందదు, అందేలా చేయించనూ లేదు. కానీ పదిన్నర తర్వాతి పనులకు నెట్ కావాల్సిందే. వాటికి ఇంట్లోకి వెళతాను.

అపోహ: ఇలాంటి చోటు లేనివాళ్లు రాయలేరు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆడవాళ్లు రాయాలంటే సొంత గది, ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం కావాలని 1929లో రాసిన ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కు ఇంగ్లండులోని రాడ్‌మెల్ ఊళ్లో తోట చివర ఒక చెక్క గది ఉండేది. కానీ నడి చలికాలంలో అక్కడ వేళ్లు కొంకర్లు పోయి పెన్ను పట్టలేక ఆమె ఇంట్లోకే వెళ్లి రాసుకునేది. ట్రాలప్ రైలు పెట్టెల్లో, ఒళ్లో చిన్న పలక పెట్టుకుని రాశాడు. 1874లో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్‌కు ఆయన వదినగారు అమెరికాలోని ఎల్మైరా ఊళ్లో గుట్ట మీద ఎనిమిది మూలల గది కట్టించి ఇచ్చింది. అంతటి గదిలోనూ ఎండలకు కిటికీలన్నీ తెరిస్తే కాగితాలు ఎగిరిపోయేవి, వాటి మీద ఇటుక ముక్కలు పెట్టుకుని రాసేవాడు.

వుల్ఫ్ చెప్పిన డబ్బు మాట మాత్రం నేను కొట్టిపారేయను. నా షెడ్డు వెనక కూడా నా ఎడిటింగ్ సంపాదన ఉంది. అది లేని రోజుల్లో నాకున్నది ఒక అట్టపెట్టె. రాతప్రతి, పెన్సిళ్లు, దిద్దిన పేజీలు అందులో. మూత మీద "కదపొద్దు" అని రాసి బీరువా పైన పెట్టేదాన్ని. రాయడానికి కూర్చున్నప్పుడు మూత తీస్తే, ఆపిన పేజీ అన్నిటికంటే పైన ఉండేది. మొదటి నవల మొత్తం ఆ పెట్టెలోంచే వచ్చింది. ఆ పెట్టె ఇప్పుడు షెడ్డులో పై అర మీద ఉంది. అడుగున ఒక మూల చినిగితే గోధుమరంగు టేపు వేశాను. ప్రస్తుతం రాస్తున్న నవలలో తీసేసిన పేజీలు అందులోనే వేస్తున్నాను.