నాలుగు ఖాతాలు, ఒక రీసర్వే

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే పాఠకుడు ఒకరు పంపిన ప్రశ్న ఇది. ఆయనకు నాలుగు ఈమెయిల్ ఖాతాలున్నాయి. కొట్టు పేరుతో సొంత డొమైన్‌లో ఒకటి, జీఎస్టీకీ బ్యాంకుకీ జీమెయిల్‌లో ఒకటి, ఇంటి వ్యవహారాలకు జీమెయిల్‌లోనే మరొకటి, ఎప్పుడో ఇంటర్నెట్ కనెక్షనుతో పాటు ఇచ్చిన పాతది ఇంకొకటి. నాలుగింటినీ కొట్టులోని కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో పెట్టుకున్నారు. ఒకరోజు తెరిచేసరికి కొట్టు ఖాతాలోని మెయిళ్లన్నీ, ఏళ్ల నాటివి సహా, మళ్లీ మొదటి నుంచి డౌన్‌లోడ్ కాసాగాయి. మిగతా మూడు ఖాతాలూ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాయి. "వైరస్సా? ఎవరైనా చొరబడ్డారా? మా గుమాస్తా అయితే అమావాస్య నాడు సిస్టమ్ తెరిచినందుకే అంటున్నాడు" అని రాశారు.

చంద్రుడు సముద్రానికి పోటు తెప్పించగలడు, అంతర్వేది దగ్గర ఉప్పునీటిని గోదావరిలోకి ఎగదోయగలడు. సర్వర్లలో అంకెలు మార్చడం మాత్రం ఆయన పరిధిలో లేదు. అసలు కారణం ఒక 32 బిట్ల సంఖ్య. దాని పేరు యూఐడీ వ్యాలిడిటీ. మెయిల్ ప్రోగ్రాములు వాడే కోట్లమందిలో దీని పేరు విన్నవాళ్లు బహు తక్కువ. నాకు మాత్రం ఈమెయిల్ వ్యవస్థ మొత్తంలో ఇంతకంటే ముచ్చటైన ఏర్పాటు మరొకటి కనిపించదు.

ఖాతాలు ఎలా చేర్చాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. చిరునామా ఇస్తే పేరున్న సంస్థల సర్వర్ వివరాలను ప్రోగ్రామే వెతుక్కుంటుంది. మన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో నేర్పేది కూడా ఆ భాగమే: ఇక్కడ నొక్కండి, తర్వాత అక్కడ నొక్కండి. వచ్చే ఏడాది ఆ బొత్తాం వేరే చోటికి మారితే నేర్చుకున్న చదువంతా ఆవిరైపోతుంది. లోపల జరిగేది ఒకసారి తెలిస్తే బొత్తాలు ఎక్కడున్నా ఇబ్బంది లేదు.

లోపల జరిగేది ఇది. మెయిళ్ల అసలు ప్రతులు సర్వర్‌లో ఉంటాయి. మీ కంప్యూటర్లో కనిపించేవి వాటి నకళ్లు. నాలుగు ఖాతాలుంటే నాలుగు అసళ్లు, నాలుగు నకళ్లు. ప్రోగ్రాము పనల్లా నకలును అసలుతో సరిపోల్చి, తేడా ఉన్నంత మేరకు దిద్దుకోవడం. ఈ పద్ధతిని 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించారు. దాని పేరు ఐమ్యాప్. 1994లో నాలుగో రూపం వచ్చింది, 2003లో దాని సవరణ ఆర్‌ఎఫ్‌సీ 3501 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. ఈనాటికీ ఎక్కువ సర్వర్లు నడిచేది దాని ప్రకారమే.

సరిపోల్చడం అన్నంత తేలిక కాదు. ఇన్‌బాక్స్‌లో నలభై వేల మెయిళ్లుంటే, ఉన్నవేవో కొత్తవేవో వాటిని ఒక్కొక్కటీ చదవకుండా ఎలా తెలుస్తుంది? ప్రతి మెయిల్‌కూ ఒక నంబరు కావాలి. ఐమ్యాప్ రెండు రకాల నంబర్లు ఇస్తుంది. ఈ రెండింటి తేడా గోదావరి జిల్లాల్లో సెంటు భూమి ఉన్న ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

కాలువ గట్టు మీద నిలబడి "ఇటు నుంచి మూడో చేను మాది" అని చూపించడం మొదటి రకం. దీన్ని వరుస నంబరు అంటారు. మొదటి రెండు చేలనూ ఒకరే కొని నడిమి గట్టు తీసేస్తే మూడో చేను రెండోది అవుతుంది. ఐమ్యాప్‌లోనూ అంతే. మూడో మెయిల్‌ను చెరిపేస్తే నాలుగోది మూడవుతుంది, ఆ వెనక ఉన్నవన్నీ తలా ఒక మెట్టు జరుగుతాయి. అప్పటికప్పుడు మాట్లాడుకోవడానికి ఇది చాలు. రాసిపెట్టుకోవడానికి పనికిరాదు.

రాసిపెట్టుకోవలసింది సర్వే నంబరు. ఐమ్యాప్‌లో దాని పేరు యూఐడీ. ఇది ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది, వెనక్కి రాదు. 112 అనే మెయిల్‌ను చెరిపేస్తే ఆ నంబరు అంతటితో సరి, మరో మెయిల్‌కు ఇవ్వరు. లంక భూమి ఏటి కోతకు గురై నీళ్లలో కలిసిపోయిందనుకోండి, దాని సర్వే నంబరును తీసుకెళ్లి ఊరి అవతల ఇంకొకరి తోటకు తగిలించరు కదా! రికార్డులో ఆ నంబరు అలాగే ఉంటుంది, నేల మాత్రం ఉండదు. అందుకే యూఐడీల వరుసలో ఖాళీలు మామూలే. 111 తర్వాత 119 కనిపిస్తే మధ్యలో ఏదో పోయిందని కంగారుపడనక్కర్లేదు.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. 112 అంటే ఏ 112? అంబాజీపేటలోనూ 112 ఉంటుంది, పక్క ఊళ్లోనూ ఉంటుంది. ఊరి పేరు లేని సర్వే నంబరుకు అర్థం లేదు. ఐమ్యాప్‌లో ఫోల్డరే ఊరు. ఇన్‌బాక్స్‌లో 112 వేరు, పంపినవాటిలో 112 వేరు. ఇన్‌బాక్స్ నుంచి మెయిల్‌ను ఇంకో ఫోల్డర్‌లోకి జరిపితే అక్కడ దానికి కొత్త నంబరు వస్తుంది. చేను ఊరు మారదు కాబట్టి నా పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది. సర్వే నంబర్లలో 45/1, 45/2 అంటూ పిల్లలు పుడతాయి, యూఐడీలకు ఆ సదుపాయమూ లేదు. అయినా పోలికను వదలను, ఎందుకంటే అసలు సంగతి ఇప్పుడే వస్తోంది.

మన దస్తావేజుల్లో సర్వే నంబరు ముందు ఆర్.ఎస్. అని రాసి ఉండడం చూసే ఉంటారు. రీసర్వే నంబరు అని దాని భావం. అంటే నంబరు ఒక్కటే చాలదు, అది ఏ సర్వేకు చెందిందో కూడా చెప్పాలి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత నంబర్లు పోయి ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. పాత నంబర్లున్న అడంగల్ నకలు పట్టుకుని కొత్త రికార్డుతో సరిచూడబోతే పాత 112 ఒక చేనైతే కొత్త 112 మరో చేను కావచ్చు. అప్పుడు ఆ నకలును పక్కన పడేసి, మొత్తం కొత్తగా రాసుకోవడం తప్ప గత్యంతరం లేదు.

యూఐడీ వ్యాలిడిటీ చేసేది అచ్చంగా ఇదే. ప్రతి ఫోల్డర్‌కూ ఇది ఏ సర్వే అని చెప్పే సంఖ్య అది. ప్రోగ్రాము ఫోల్డర్‌ను తెరవగానే సర్వర్ ముందు కొన్ని అంకెలు చెబుతుంది: ఎన్ని మెయిళ్లున్నాయి, యూఐడీ వ్యాలిడిటీ ఎంత, రాబోయే మెయిల్‌కు ఇవ్వబోయే యూఐడీ ఎంత. వ్యాలిడిటీ నిన్నటిదే అయితే నిన్న చూసిన ఆఖరి నంబరుకు తర్వాతివి అడిగితే సరిపోతుంది. నలభై వేల మెయిళ్లున్న ఖాతా ఒక్క క్షణంలో తాజా కావడంలోని రహస్యం ఇదే. వ్యాలిడిటీ మారిందా, తన దగ్గరున్న నంబర్లన్నీ చెల్లనివే. ప్రోగ్రాము మారుమాట లేకుండా నకలును చెరిపేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది.

ఫోల్డర్ పుట్టిన క్షణాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కగట్టి, ఆ అంకెనే వ్యాలిడిటీగా పెట్టడం చాలా సర్వర్ల అలవాటు. కాలం ముందుకే పోతుంది కాబట్టి ఆ సంఖ్య పెరుగుతుందే తప్ప తగ్గదు. 32 బిట్లలో పట్టే సెకన్లు 2106 దాకా సరిపోతాయి. ఫోల్డర్ పేరు, వ్యాలిడిటీ, యూఐడీ, ఈ మూడూ కలిస్తే ఆ సర్వర్‌లో ఒకే ఒక మెయిల్‌ను చూపిస్తాయి, ఎన్నేళ్లయినా అదే మెయిల్‌ను. ఇంటి నంబరు కూడితే తొమ్మిది రావాలని, బండి నంబరులో ఎనిమిది ఉండకూడదని పట్టుబట్టే వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ నిబంధన గుర్తొస్తుంది. నంబరు గురించి నిజంగా పట్టుబట్టాల్సింది ఒక్కటే, అది రెండుసార్లు వాడకూడదు.

అంబాజీపేట వ్యాపారి ఖాతాలో జరిగింది బహుశా ఇదే. సొంత డొమైన్ మెయిళ్లు ఏదో చిన్న హోస్టింగ్ సర్వర్‌లో ఉండి ఉంటాయి. దాన్ని కొత్త యంత్రంలోకి మార్చినా, పాడైతే బ్యాకప్ నుంచి తిరిగి పెట్టినా, నంబర్ల సూచిక దెబ్బతిన్నా వ్యాలిడిటీ మారుతుంది. మిగతా మూడు ఖాతాల సర్వర్లు వేరు కాబట్టి వాటికి ఏమీ కాలేదు. సర్వర్‌లో మెయిళ్లన్నీ ఉన్నంతవరకు ఖర్చయ్యేది కొంత ఇంటర్నెట్ డేటా, కొన్ని గంటలు. సర్వర్ మార్చారా అని హోస్టింగ్ వాళ్లను ఒక మాట అడిగితే నిర్ధారణ అవుతుంది.

పాత మెయిళ్ల స్థితి సంగతి కూడా చెప్పాలి. ఫోన్లో చదివిన మెయిల్ కంప్యూటర్లోనూ చదివినట్టు కనిపించాలంటే, కొత్తవాటినే కాదు, పాతవాటి గుర్తులనూ సరిచూడాలి. చదివినది, జవాబిచ్చినది, నక్షత్రం పెట్టినది, చెరిపేయాల్సినది అంటూ ప్రతి మెయిల్‌కూ గుర్తులుంటాయి. నలభై వేల మెయిళ్ల గుర్తులను ఒక్కో దానికి నలభై బైట్ల చొప్పున ప్రతిసారీ తెప్పించుకుంటే పదహారు లక్షల బైట్లు. 2006లో వచ్చిన కాండ్‌స్టోర్ అనే చేర్పు ఈ భారాన్ని తీసేసింది. గుర్తు మారినప్పుడల్లా ఆ మెయిల్‌కు ఇంకో పెరిగే సంఖ్య తగులుతుంది, "ఫలానా సంఖ్య తర్వాత మారినవే ఇవ్వు" అని అడిగితే చాలు. మళ్లీ అదే సూత్రం: వెనక్కి రాని అంకె.

ఇప్పుడు ఆ నాలుగో ఖాతా, ఇంటర్నెట్ కనెక్షనుతో వచ్చిన పాతది. దాన్ని పాప్ పద్ధతిలో పెట్టుకున్నానని ఆయన ఉత్తరం చివర్లో రాశారు. పాప్ 1984లో మొదలైంది, ఇప్పుడు వాడుకలో ఉన్నది మూడో రూపం. దానికి ఫోల్డర్లు తెలియవు, చదివిన గుర్తులు తెలియవు. మెయిల్‌ను కంప్యూటర్‌కు ఇచ్చేస్తుంది. సర్వర్‌లో కాపీ ఉంచమని గడిలో టిక్కు పెట్టకపోతే అక్కడి నుంచి తీసేస్తుంది కూడా. అప్పుడు మీ కంప్యూటర్లో ఉన్నది నకలు కాదు, అసలు.

ఏ చిక్కు వచ్చినా "ఖాతా తీసేసి మళ్లీ పెట్టండి, బాగైపోతుంది" అనే మంత్రం మన ఊళ్లలో బాగా ప్రచారంలో ఉంది. అమావాస్య కంటే ఇది ప్రమాదకరమైన నమ్మకం. ఐమ్యాప్ ఖాతా విషయంలో మంత్రం నిరపాయంగా పనిచేస్తుంది, నకలు పోయి కొత్త నకలు వస్తుంది. పాప్ ఖాతాను అలా తీసేస్తూ సందేశాల డేటా కూడా తొలగించమని ఒప్పుకుంటే పోయేవి ఆ మెయిళ్లకు మిగిలిన ఒకే ఒక్క ప్రతులు. ఆయన ముందుగా చేయవలసిన పని, ఆ ఖాతాలోని మెయిళ్లను స్థానిక ఫోల్డర్లలోకి కాపీ చేసి, థండర్‌బర్డ్ మెయిళ్లనూ సెట్టింగులనూ దాచుకునే ప్రొఫైల్ అనే ఫోల్డర్‌ను బయటి డిస్కులో భద్రపరచడం. తర్వాత ఆ సంస్థ ఐమ్యాప్ ఇస్తుంటే దానికి మారిపోవచ్చు.

నాలుగు ఇన్‌బాక్స్‌లూ ఒకటిగా కనిపించే ఏకీకృత దృశ్యం గురించి భయపడేవాళ్లున్నారు, బ్యాంకు మెయిళ్లు ఇంటి ఖాతాలో కలిసిపోతాయేమోనని. ఏదీ ఎక్కడికీ కదలదు. అది నాలుగు ఫోల్డర్లలో వెతికి చూపించే జాబితా మాత్రమే. కాకపోతే ఒకే మెయిల్ రెండు ఖాతాలకు వస్తే రెండుసార్లు కనిపిస్తుంది, రెండు చోట్లా యూఐడీలు వేరు కాబట్టి. జీమెయిల్ లేబుళ్లు ఐమ్యాప్‌కు ఫోల్డర్లలా కనిపిస్తాయి. అందుకని ఒకే ఖాతాలోని మెయిల్ కూడా ఇన్‌బాక్స్‌లో ఒకసారి, ఆల్ మెయిల్‌లో ఒకసారి ప్రత్యక్షమవుతుంది. రెండింటినీ ఆఫ్‌లైన్‌లో ఉంచుకోవడం డిస్కు దండగ.

పంపడంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మెయిళ్లను పంపేది ఎస్‌ఎంటీపీ అనే వేరే పద్ధతి, వేరే సర్వర్. కొట్టు చిరునామాతో రాసి, పొరపాటున జీమెయిల్ సర్వర్ ద్వారా పంపితే, ఆ చిరునామాను అక్కడ ముందే ధృవీకరించి ఉండకపోతే పంపినవారి స్థానంలో మీ జీమెయిల్ చిరునామా వచ్చి కూర్చుంటుంది. ఫలానా డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో ఇంటర్నెట్‌లో డొమైన్ల వివరాలుండే డీఎన్‌ఎస్‌ అనే చిట్టాలో ప్రకటించే ఎస్‌పీఎఫ్ అనే ఏర్పాటు ఉంది. ఆ జాబితాలో లేని సర్వర్ నుంచి పంపిన ఇన్వాయిస్ కొనుగోలుదారు స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. ప్రతి ఖాతాకూ దాని సొంత పంపే సర్వర్‌ను కేటాయించి ఉంచాలి.

కొట్టు పెద్దదై ఒకే ఖాతాను పలువురు వాడుతుంటే మరో లెక్క. జీమెయిల్ ఒక ఖాతాకు ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లే ఇస్తుంది. థండర్‌బర్డ్ మామూలుగా ఖాతాకు 5 దాకా తెరిచి ఉంచుకుంటుంది. మూడు కంప్యూటర్లు కలిస్తే 15 నిండిపోతాయి, ఆ తర్వాత ఫోనుకు చోటుండదు. సర్వర్ సెట్టింగుల్లో 5ను 2 చేస్తే గొడవ తీరుతుంది. ఈ కనెక్షన్లు ఎందుకు తెరిచి ఉంటాయంటే, 1997లో వచ్చిన ఐడిల్ అనే ఆదేశం కోసం. కొత్త మెయిల్ వస్తే నువ్వే చెప్పు అని సర్వర్‌ను అడిగి ప్రోగ్రాము మౌనంగా ఉంటుంది. అరగంట ఉలుకూ పలుకూ లేకపోతే సర్వర్ కనెక్షన్ తెంచేయవచ్చు కనుక, 29 నిమిషాలకు ఒకసారైనా ఆ మాట మళ్లీ చెప్పాలని నిబంధన.

2022 జూలై వరదలప్పుడు చూశాం, లంక గ్రామాలకు కరెంటు, నెట్‌వర్క్ రెండూ ఆగిపోతాయి. అలాంటప్పటి కోసమే క్రిస్పిన్ 1994లో ఐమ్యాప్ గురించి రాసిన పత్రంలో, సంబంధం తెగినప్పుడు నకలు మీద పనిచేసి, కలిశాక సరిచేసుకునే విధానాన్ని వివరించారు. ఖాతా సెట్టింగుల్లో ఆఫ్‌లైన్‌లో ఉంచమనే గడి టిక్కు పెట్టి ఉంటే, లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉన్నంతసేపు పాత ఇన్వాయిస్‌లన్నీ చేతిలో ఉంటాయి. జవాబులు రాసి పెట్టుకుంటే సిగ్నల్ రాగానే పంపుకోవచ్చు.

చివరగా ఆయన అడిగిన చిన్న ప్రశ్న: ఫోల్డర్‌కు తెలుగులో పేరు పెట్టవచ్చా? నిక్షేపంగా. అయితే పాత ఐమ్యాప్‌కు ఆంగ్లాక్షరాలు తప్ప వేరేవి పడవు కాబట్టి, "కొబ్బరి" అని పెట్టిన పేరు సర్వర్‌కు వెళ్లేటప్పుడు సవరించిన యూటీఎఫ్-7 అనే వేషం వేసుకుంటుంది. యూనికోడ్‌లో ఆ పదానికి ఏడు సంకేతాలు, ఒక్కోటి 16 బిట్లు, మొత్తం 112. ఆరేసి బిట్లకు ఒక అక్షరం చొప్పున 19, మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు, కలిపి 21. 2021లో వచ్చిన ఐమ్యాప్ కొత్త సవరణలో వేషం అవసరం లేకుండా నేరుగా యూటీఎఫ్-8లోనే పంపవచ్చు. అక్కడ తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు. ఏడు మూళ్లు 21. కొబ్బరికి మాత్రం రెండు లెక్కలూ సమానంగా వచ్చాయి.