డ్రాఫ్టు ముందే సిద్ధమైంది, జనం లెక్క మాత్రం లేదు: రోహిణి కమిషన్ నేపథ్యం

జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. అప్పటి నుంచి ఓబీసీ వర్గీకరణ, అంటే వెనుకబడిన కులాల కోటాను లోపల గుంపులుగా విడగొట్టే మాట వచ్చినప్పుడల్లా, ఆ పనికి వేసిన కమిషన్‌కు అధ్యక్షురాలైన జస్టిస్ జి. రోహిణి పేరు మళ్లీ వినబడుతోంది. ఆమె విశాఖలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివి, ఢిల్లీ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారన్నది ఇక్కడివాళ్లకు తెలిసిన కథే. 1980లో హైదరాబాద్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1995లో ప్రభుత్వ న్యాయవాది, 2001లో హైకోర్టు జడ్జి, 2014 ఏప్రిల్‌లో ఢిల్లీ. ఆ కోర్టు ఏర్పడింది 1966లో. ప్రధాన న్యాయమూర్తి కుర్చీ ఒక మహిళకు దక్కేసరికి 48 ఏళ్లు గడిచాయి.

ఢిల్లీవాళ్లకు ఆమె పేరు చెబితే 2016 ఆగస్టు 4 నాటి తీర్పు గుర్తొస్తుంది. పాలనలో లెఫ్టినెంట్ గవర్నర్‌దే పైచేయి అన్న ఆ తీర్పును రెండేళ్ల తర్వాత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు. ఇప్పటి వర్గీకరణ గొడవకు దానితో సంబంధం లేదు. దీని మూలాలు ఆమె రిటైరయ్యాక మొదలైన పనిలో ఉన్నాయి.

2017 అక్టోబర్ 2న ఆమె అధ్యక్షతన కేంద్రం కమిషన్ వేసింది. కేంద్రంలోని 27 శాతం ఓబీసీ కోటాను లోపల ఎలా విభజించాలో చెప్పమంది. గడువు 12 వారాలు!

తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అనంతరామన్ కమిషన్ సిఫారసులతో 1970లోనే బీసీలను ఏ, బీ, సీ, డీలుగా విడగొట్టారు. కేంద్రంలో ఓబీసీ కోటాను సమర్థిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన 1992 మండల్ తీర్పులో జస్టిస్ జీవన్‌రెడ్డి ఇచ్చిన ఉదాహరణ కూడా మన దగ్గరిదే. స్వర్ణకారులను, వడ్డెలను ఒకే గుంపులో వేస్తే పోస్టులన్నీ స్వర్ణకారులకే పోతాయని, వడ్డెలకు ఏమీ మిగలదని ఆయన రాశారు. విశాఖలో మత్స్యకారులుండే పెదజాలారిపేట కుర్రాడు రాష్ట్ర ఉద్యోగానికి అప్లై చేస్తే బీసీ-ఏ కింద 7 శాతం కోటాలో తనలాంటివాళ్లతో పోటీపడతాడు. అదే కుర్రాడు కేంద్రం కిందకొచ్చే నేవల్ డాక్‌యార్డుకో విశాఖ ఐఐఎంకో పెట్టుకుంటే దేశంలోని 2,600 దాకా ఓబీసీ కులాలతో ఒకే వరుసలో నిలబడాలి.

ఆ వరుసలో ఎవరికి ఏం దక్కిందో 2018లో కమిషన్ లెక్క తీసింది. అయిదేళ్లలో ఇచ్చిన 1.3 లక్షల కేంద్ర ఉద్యోగాలు, మూడేళ్ల అడ్మిషన్లు చూస్తే 97 శాతం నాలుగో వంతు కులాలకే వెళ్లాయి. 983 కులాలకు ఒక్క ఉద్యోగం లేదు, ఒక్క సీటు లేదు.

అసలు మలుపు ఈ అంకెలు కాదు, వాటి తర్వాత వెళ్లిన ఉత్తరం. ఏ కులానికి ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో తెలిసింది గానీ ఆ కులంలో జనం ఎంతమందో తెలియదు. ఓబీసీ కోటాను సిఫారసు చేసిన మండల్ కమిషనే 1931 జనగణన లెక్కల మీద నడిచింది. అందుకని దేశవ్యాప్త సర్వేకు 200 కోట్లకు పైగా కావాలని 2018 డిసెంబర్‌లో జస్టిస్ రోహిణి కేంద్రమంత్రికి రాశారు. 2019 ఫిబ్రవరికల్లా సర్వే ప్రస్తుతానికి వద్దనుకున్నట్టు కమిషనే మళ్లీ రాసింది. లోక్‌సభ ఎన్నికలకు అప్పటికి దాదాపు రెండు నెలలే ఉన్నాయి. అదే ఏడాది జులైలో డ్రాఫ్టు సిద్ధమన్నారు. అది ఖరారు కాలేదు సరికదా, 2020 జనవరిలో కమిషన్‌కు ఇంకో పని తగిలించారు: కేంద్ర జాబితాలో స్పెల్లింగు తప్పులు, రెండుసార్లు వచ్చిన పేర్లు సరిచేయడం. గడువు పొడిగింపులు పది దాటాయి. చివరికి 2023 జులై 31న నివేదిక రాష్ట్రపతికి చేరింది. అందులో ఏముందో ప్రభుత్వం బయటపెట్టలేదు.

వర్గీకరణ వద్దనేవాళ్లది ఒకటే వాదన. అయిదేళ్ల డేటా చాలదు, జనాభా తేలకుండా విడగొడితే బీసీల ఐక్యత దెబ్బతింటుంది అంటారు. మొదటి మాటలో నిజం ఉంది. కానీ ఆ జనాభా లెక్కనే కమిషన్ 2018లో అడిగింది, అప్పుడు అది జరగలేదు. సంచార కులాలు, చేపల వేట మీద బతికేవాళ్లు అడిగే ప్రశ్న వేరు: ఉమ్మడి గుంపులో ఇన్నేళ్లు ఐక్యంగానే ఉన్నాం, మాకు దక్కిందేమిటి? 983 కులాల అంకె వాళ్ల చేతిలో ఉంది. దానికి ఎదురుగా పెట్టే అంకెను అవతలి పక్షం ఇంతవరకు చూపించలేదు. ఎస్సీల ఉపవర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపాక, ఓబీసీలకు మాత్రం ఎందుకు కాదన్న ప్రశ్న కూడా తోడైంది.

కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. కులాల లెక్క ఆ తర్వాతే తేలుతుంది. అప్పుడు రోహిణి నివేదికను తెరిచి కొత్త అంకెలతో సరిచూస్తారా, పక్కనపెట్టి ఇంకో కమిషన్ వేస్తారా అన్నది ఢిల్లీ తేల్చాలి.