అద్దకం నీళ్ళు పొలానికి పనికొస్తాయా? అపోహలు - వాస్తవాలు

బట్టల అద్దకంలో వాడి శుద్ధి చేసిన నీళ్ళ సీసా మా ల్యాబు బల్ల మీద పెట్టి అద్దకం యూనిట్ల వాళ్ళు అనే మాట ఒకటే: "చూడండి, ఎంత తేటగా ఉన్నాయో!"

అపోహ: రంగు పోతే విషం పోయినట్టే.
వాస్తవం: అద్దకంలో అజో రంగుల (రెండు నత్రజని పరమాణువుల బంధం ఉన్న రంగులు) వాడకం ఎక్కువ. గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియా ఆ బంధాన్ని తెంచగానే రంగు పోతుంది, ఆరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు మిగులుతాయి. వాటిలో కొన్ని అసలు రంగు కన్నా హానికరం. ఆ తర్వాత గాలి ఆడించే ట్యాంకులో అవీ విరగాలి. ఈ రెండో మెట్టు దగ్గరే చాలామంది పొదుపు చేస్తారు.

అపోహ: గింజలు మొలిచాయిగా, ఇంకేం టెస్టు?
వాస్తవం: మొలవడానికి గింజలో దాచుకున్న తిండి చాలు. దెబ్బ ముందు తెలిసేది వేరుకే. పెట్రి ప్లేటులో ఫిల్టర్ పేపరు పరిచి, ఆ నీళ్ళతో తడిపి, పెసలు పేర్చి మూడు రోజులు చీకట్లో ఉంచుతాం. తర్వాత ఒక్కో వేరునూ స్కేలు మీద సాగదీసి కొలవాలి. మెడ పట్టేసే పని, కానీ తప్పదు. ఉదాహరణకి మంచినీళ్ళలో 20కి 20 మొలిచి వేరు సగటున 5 సెంటీమీటర్లు, శుద్ధి నీళ్ళలో 18 మొలిచి 2 సెంటీమీటర్లు ఉందనుకోండి. మొలక 90 శాతం, బాగానే ఉందనిపిస్తుంది. వేరు 40 శాతమే. రెండూ కలిపి గుణిస్తే మొలక సూచిక 36. వేరు కొస గోధుమరంగుకు తిరిగి మొద్దుబారితే లెక్క వేయకముందే సంగతి అర్థమైపోతుంది.

అపోహ: సీఓడీ, బీఓడీ (నీళ్ళలోని సేంద్రియ మలినాన్ని చూపే కొలతలు) రిపోర్టు బాగుంటే చాలు.
వాస్తవం: ఉప్పు మాటేమిటి? రియాక్టివ్ రంగు (నూలుతో రసాయనికంగా కలిసిపోయేది) నూలుకు పట్టాలంటే లీటరు నీళ్ళకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు. బ్యాక్టీరియా దాన్ని ముట్టుకోదు. అందుకే అంతే ఈసీ (విద్యుత్ వాహకత, నీళ్ళలో ఉప్పెంతుందో చెప్పే కొలత) ఉన్న ఉప్పునీళ్ళతో ఇంకో ప్లేటు పెడతాం. అందులో వేరు బాగా సాగి శుద్ధి నీళ్ళలో సాగలేదంటే, తప్పు ఉప్పుది కాదు, మిగతా రసాయనాలది.

అపోహ: పోల్చడానికి డిస్టిల్డ్ వాటర్ ఒక్కటి చాలు.
వాస్తవం: చాలదు. కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పన కావచ్చు. రైతు రోజూ పెట్టే నీళ్ళతోనూ ఒక ప్లేటు ఉండాలి.

అపోహ: ప్లేటులో పాసైతే పొలంలోనూ పాసే.
వాస్తవం: ప్లేటులో మట్టే లేదు కదా! సోడియం ఏటేటా పేరుకుంటే నల్లరేగడి గట్టిపడి నీరు ఇంకదు, నేల చౌడుబారుతుంది. అది తేలాలంటే ఎస్ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే నీళ్ళలో సోడియం ఎంతుందో చెప్పే లెక్క) చూడాలి, ఆ పొలం మట్టినే కుండీల్లో నింపి పంట చేతికొచ్చేదాకా అవే నీళ్ళు పోసి పెంచాలి.