గాన్‌జౌ బంకమట్టి నుంచి రేర్ ఎర్త్‌లు: అవక్షేపణ పద్ధతులు మారిన తీరు

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల (రసాయన గుణాల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉండే లోహాల) ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. వాటిలోని డిస్ప్రోసియం, టెర్బియం వంటి బరువైన మూలకాలకు చాలాకాలం ఒక ప్రధాన ఆధారంగా ఉన్నది జియాంగ్షీ రాష్ట్రంలోని గాన్‌జౌ ప్రాంతపు బంకమట్టి. అక్కడ లాంగ్‌నాన్ వద్ద 1969లో ఈ నిక్షేపాలు బయటపడ్డాయి. గ్రానైట్ శిథిలమై ఏర్పడిన ఆ మట్టిలో రేర్ ఎర్త్‌లు సాధారణంగా 0.05 నుంచి 0.3 శాతమే ఉన్నా, అవి అయాన్లుగా మట్టి రేణువుల పైనే అంటిపెట్టుకొని ఉంటాయి కాబట్టి రాయి పగలగొట్టే పని లేకుండా ఉప్పు ద్రావణం పోస్తే చాలు, విడివడి వస్తాయి. మొదట్లో మామూలు ఉప్పు, తర్వాత అమ్మోనియం సల్ఫేట్ వాడారు.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. మట్టి నుంచి దిగే ద్రావణం బాగా పలచన. పైగా అందులో అల్యూమినియం కూడా కలిసి వస్తుంది. అందులోని రేర్ ఎర్త్‌లను ఘనరూపంలో అడుగుకు దింపడాన్నే అవక్షేపణం అంటారు. తొలి రోజుల్లో దీనికి ఆక్జాలిక్ ఆమ్లం కలిపేవారు. రేర్ ఎర్త్ ఆక్జలేట్లు సులువుగా వడగట్టగలిగే స్ఫటికాలుగా అడుగుకు దిగుతాయి, అల్యూమినియం చాలావరకు ద్రావణంలోనే ఉండిపోతుంది, అవక్షేపాన్ని కాలిస్తే ఆక్సైడ్ చేతికి వస్తుంది. శుద్ధత విషయంలో ఇంత మంచి పద్ధతి అరుదు. అయితే ఆ ఆమ్లం ఖరీదైనది, విషపూరితమైనది; వాడిన నీటిలో అది మిగిలిపోతుంది.

అందుకే చైనా రైతులు ఎరువుగా వాడే చౌకైన అమ్మోనియం బైకార్బనేట్ దాని స్థానంలోకి వచ్చింది. ముందు ద్రావణపు పీహెచ్‌ను (ఆమ్లత్వం తగ్గే కొద్దీ పెరిగే కొలతను) సుమారు 5కు పెంచి అల్యూమినియం, ఇనుములను తొలగిస్తారు. తర్వాత ఇంకా పెంచి రేర్ ఎర్త్ కార్బొనేట్‌ను దింపుతారు. మొదటి దశలో కొంత విలువైన లోహం మడ్డితోనే పోతుంది. కార్బొనేట్ కూడా సరిగా స్ఫటికీకరించకపోతే జిగురుగా తయారై వడకట్టుకు లొంగదు. మిగిలిన ద్రావణాన్ని మళ్లీ మట్టిపైకి పంపవచ్చన్నది దీని గొప్ప సౌలభ్యం. కానీ కొండకు రంధ్రాలు చేసి లోపలికే ద్రావణం ఎక్కించే పద్ధతి వచ్చాక, తిరిగి రాకుండా ఇంకిపోయిన అమ్మోనియా నైట్రోజన్ వాగుల్లోకీ భూగర్భ జలాల్లోకీ చేరింది. నా దృష్టిలో ఈ కథలో అత్యంత బరువైన అంశం ఇదే: చౌక పద్ధతితో ఆదా చేసిన ఖర్చును దిగువ ఊళ్ల నీళ్లు భరించాయి.

ఆ అమ్మోనియాను వదిలించుకోవడానికే ఇప్పుడు మెగ్నీషియం సల్ఫేట్‌తో లీచింగ్ (మట్టి నుంచి లోహాన్ని ద్రావణంలోకి రాబట్టడం), మెగ్నీషియం ఆక్సైడ్‌తో అవక్షేపణం వైపు పరిశోధకులు మళ్లారు. ఈలోగా చైనాలో ఆంక్షలు బిగిసిన కొద్దీ తవ్వకం సరిహద్దు దాటి మయన్మార్‌లోని కచిన్ రాష్ట్రంలో విస్తరించింది. కొండకు రంధ్రాలు చేసే పద్ధతీ, అవక్షేపణ తొట్లూ అక్కడికీ చేరాయి.