శంఖు గాజు ముక్క చెప్పే దూరం

ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట, తడ పరిసరాల్లో పులికాట్ సరస్సు ఒడ్డున తవ్వితే గుల్లలు బయటపడటం అక్కడివారికి కొత్త కాదు. వాటిని కాల్చి సున్నం చేసేవారు. ఆ గుల్లలు అక్కడే పుట్టి అక్కడే మట్టిలో కలిసినవి కాబట్టి, వాటిని చూసి ప్రాచీన వర్తకాన్ని ఊహించలేం. అలాంటి గుల్లతో చేసిన పూస ఉదయగిరి కొండల దగ్గర ఏ పాత సమాధిలోనో కనిపిస్తే మాత్రం, దాన్ని అంతదూరం మోసుకొచ్చిన మనుషుల గురించి అడగక తప్పదు.

ఈ విషయంలో మనం పూజలో ఊదే శంఖం ఎంతో విలువైన సాక్షి. టర్బినెల్లా పైరమ్ అనే ఈ జాతి ప్రధానంగా భారత ఉపఖండపు తీరజలాల్లోనే బతుకుతుంది. శంఖాన్ని అడ్డంగా కోసి చేతి గాజు చేస్తే, ఒక చుట్టు మరో చుట్టును కలిసే చోట సన్నని అతుకు మిగిలిపోతుంది; సింధు నాగరికత పనివారు సరిగ్గా ఆ అతుకు మీదే కోణాకారపు గీత చెక్కేవారు. వేలెడంత ముక్క దొరికినా ఆ అతుకును బట్టి అది శంఖమేనని పోల్చుకోవచ్చు. అయితే నా దృష్టిలో అందమైన గాజు కన్నా కోత తరువాత పారేసిన మధ్య కాడ, పగిలిన అంచులే ఎక్కువ చెబుతాయి. గుజరాత్‌లో కచ్ సింధుశాఖ ఒడ్డున ఉన్న సింధు నాగరికత కాలపు ఊరు నాగేశ్వర్‌లో అలాంటి వ్యర్థాలు విస్తారంగా దొరకడం వల్లనే అక్కడ శంఖాలు కోసే పని జరిగిందని తేలింది. అంతకు చాలా ముందే, సుమారు క్రీ.పూ. 7000 నాటికే, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన బలూచిస్తాన్‌లో ఉన్న మెహర్‌గఢ్ సమాధుల్లో సముద్రపు గుల్లల ఆభరణాలు ఉంచారు.

గుల్ల ఎక్కడి నుంచి వచ్చిందనే ఇదే ప్రశ్న ఐరోపాలో మరో రకంగా తేలింది. డాన్యూబ్ పరీవాహకంలోని నవీన శిలాయుగపు ఊళ్లలో దొరికిన స్పాండిలస్ అనే సముద్రపు గుల్లలు నల్ల సముద్రానివా, మధ్యధరా సముద్రానివా అన్న వాదానికి 1970లో భూశాస్త్రవేత్త నికోలస్ షాకిల్టన్, పురాతత్వవేత్త కోలిన్ రెన్‌ఫ్రూ ఆక్సిజన్ ఐసోటోపులతో, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రూపాలతో, సమాధానం చెప్పారు. నదుల మంచినీరు అధికంగా కలిసే నల్ల సముద్రంలో బరువైన ఆక్సిజన్ పాళ్లు తక్కువ; ఆ తేడా అక్కడ పెరిగిన గుల్లలోనూ నిలిచిపోతుంది. పరీక్షించిన గుల్లల్లో ఆ ముద్ర లేకపోవడంతో అవి మధ్యధరాలో భాగమైన ఏజియన్ సముద్రం వైపు నుంచి వచ్చినవని నిర్ధారించారు. అంతమాత్రాన ఒకే వర్తకుడు ఆ దారంతా నడిచాడని అనుకోనక్కరలేదు. పెళ్లి కానుకగానో, ధాన్యానికి మారుగానో ఒక ఊరి నుంచి పక్క ఊరికి చేతులు మారుతూ కూడా గుల్ల అంత దూరమూ వెళ్లగలదు.