హైబ్రిడ్ సైకిల్‌ను రోడ్ బైక్‌గా మార్చాలా?

ప్రియమైన పిల్లలకు,

మీరు కలిసి రాసిన ఉత్తరం చేరింది. రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే మీ హైబ్రిడ్ సైకిల్‌కున్న తిన్నని హ్యాండిల్ తీసేసి, పొట్టేలు కొమ్ముల్లా వంగిన డ్రాప్ బార్ బిగిస్తే అది తారు రోడ్డు మీద వేగంగా పోయే రోడ్ బైక్ అవుతుందా, వేగం పెరుగుతుందా అని అడిగారు. బిగించడం సాధ్యమే, కానీ నా సలహా మాత్రం వద్దనే. మీరు అడిగింది మంచి ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకిష్టం లేదు కనుక కారణాలన్నీ రాస్తున్నాను.

వేగంతో మొదలుపెడతాను. చదునైన దారిలో గంటకు 20 కిలోమీటర్లు దాటిన తరువాత మీ కాళ్ల బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. అందుకు కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 25 కిలోమీటర్ల వేగాన్ని 30కి పెంచితే వేగం పెరిగేది అయిదో వంతే అయినా, గాలికి పెట్టవలసిన శక్తి దాదాపు 1.7 రెట్లవుతుంది. ఆ గాలి ప్రధానంగా తగిలేది సైకిల్‌కు కాదు, మీ ఛాతీకి, భుజాలకు, తలకు. 1914లో ఆస్కార్ ఎగ్ అనే పందెగాడు గంటలో 44.247 కిలోమీటర్లు తొక్కి నెలకొల్పిన రికార్డును, 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన 45.055 కిలోమీటర్లు తొక్కి దాటాడు. ఫోర్ ఆనాటి మేటి పందెగాళ్లలో ఒకడేమీ కాదు. ఆయన తొక్కింది వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి కూర్చునే సైకిల్. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అటువంటి సైకిళ్లను పందేలనుంచి తప్పించింది. ఒళ్లు గాలికి ఎంత తక్కువగా అడ్డుపడితే అంత లాభమన్నది అప్పుడే తేలిపోయింది.

అయితే డ్రాప్ బార్ పెట్టి వంగి తొక్కవచ్చు కదా అంటారు. ఇక్కడే ఫ్రేమ్ సంగతి చూడాలి. హైబ్రిడ్ ఫ్రేమ్‌ను తిన్నని హ్యాండిల్‌కు సరిపడేలా గీస్తారు. ఆ హ్యాండిల్ పక్కలకే సాగుతుంది కనుక, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఫ్రేమ్ పొడవును కాస్త ఎక్కువగా ఉంచుతారు. డ్రాప్ బార్ ముందుకు సాగి ఆ తరువాత కిందికి వంగుతుంది, దాని మీద బిగించే బ్రేకు లివర్లు ఇంకా ముందుకు ఉంటాయి. అంటే మీ చేతులు ఇప్పుడున్న చోటు కన్నా అర జానెడుకు పైగానే ముందుకు పోతాయి. హ్యాండిల్‌ను ఫ్రేమ్ ముందు భాగానికి కలిపే స్టెమ్ అనే ముక్కను పొట్టిదిగా మార్చి కొంత సర్దవచ్చు కానీ, మరీ పొట్టిదైతే హ్యాండిల్ తిప్పినప్పుడు సైకిల్ చటుక్కున పక్కకు లాగుతుంది. పైగా హైబ్రిడ్ ముందు భాగం ఎత్తుగా ఉంటుంది. అంత ఎత్తు మీద డ్రాప్ బార్ పెడితే చేతులు దూరమవుతాయి తప్ప నడుము అనుకున్నంత వంగదు, మెడా భుజాలూ మాత్రం నొప్పెడతాయి.

పోనీ అది సర్దుకున్నామనుకుందాం. తిన్నని హ్యాండిల్ గొట్టం, లివర్లు బిగించే చోట, 22.2 మిల్లీమీటర్ల మందం. డ్రాప్ బార్ గొట్టం 23.8 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరున్నరే అయినా, పాత లివరు పట్టీని ఎంత వదులు చేసినా కొత్త గొట్టం మీదికి ఎక్కదు. కనుక బ్రేకు లివర్లూ గేరు మార్చే మీటలూ రెండూ కొత్తవి కొనాలి. గేరు మీట ఒక్కొక్క టిక్కుకు ఎంత వైరు లాగాలో, గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి జరిపే వెనక డెరైలర్ అంతకు ఎంత జరగాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. సైకిల్ విడిభాగాలు చేసే షిమానో వారి 8, 9 గేర్ల రకాలలో రోడ్ మీటలు కొండదారి సైకిళ్ల వెనక డెరైలర్‌తో చాలావరకు కలుస్తాయి. 10 గేర్ల రకంలో లెక్క మారిపోయింది, కలవవు. ముందు డెరైలర్ లెక్క అసలే వేరు. మీ సైకిల్‌కు నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులుంటే వైరుతో లాగే రోడ్ లివరుతో వాటికి పొత్తే కుదరదు, మొత్తం బ్రేకులే మార్చాలి.

రెండు పొడవైన చేతులతో రిమ్మును రెండు పక్కలా పట్టే వీ బ్రేకుల సంగతి మరికొంత రాయాలి, ఎందుకంటే అది నేను చేసిన తప్పు. పొడవైన చేతులున్న వీ బ్రేకు దగ్గరికి రావాలంటే ఎక్కువ వైరు లాగాలి. మామూలు రోడ్ లివరు తక్కువ వైరును ఎక్కువ బలంతో లాగుతుంది. చాలా ఏళ్ల క్రితం ఈ తేడా తెలియక, నేను పాత హైబ్రిడ్‌కు రోడ్ లివర్లు బిగించి, వైరు చాలడం లేదని బ్రేకు రబ్బర్లను రిమ్ముకు రెండు వైపులా కాగితం మందం ఖాళీలో నిలిపాను. ఇంటి ముందు తిప్పి చూస్తే బాగానే పట్టింది. కొన్ని వారాలకు రబ్బర్లు కొంచెం అరిగాయి. ఒక వాలు దిగుతూ లివరు నొక్కితే అది హ్యాండిల్‌కు ఆనేదాకా వచ్చింది, సైకిల్ మాత్రం ఆగలేదు. దారి ఖాళీగా ఉండి, వాలు చివర ఎత్తు రావడం వల్ల బతికి బయటపడ్డాను. ఈ జోడీకి సరిపడే పొట్టి చేతుల వీ బ్రేకులు దొరుకుతాయి. డ్రాప్ బార్ కోసమే వీ బ్రేకులకు తగ్గట్టు చేసిన లివర్లూ ఉన్నాయి. అవేవీ లేకుండా ఎవరు బిగించి ఇచ్చినా ఆ సైకిల్ ఎక్కవద్దు.

హ్యాండిల్, దాని చుట్టే టేపు, స్టెమ్, లివర్లు, మీటలు, వైర్లు, ఒక్కోసారి బ్రేకులు, వీటన్నిటి ఖర్చూ పనివాడి కూలీ కలిపితే, మంచి స్థితిలో ఉన్న పాత రోడ్ బైక్ ధరకు దగ్గరగా పోతుంది. అంత పెట్టినా బరువు పెద్దగా తగ్గదు.

గేర్లు చాలవేమోనన్న మీ అనుమానానికి ఒక లెక్క చెబుతాను. ముందు పళ్లచక్రానికి 48 పళ్లు, వెనక పళ్లచక్రానికి 11 పళ్లు ఉండి, చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే, పెడలు ఒక్క చుట్టుకు సైకిల్ 9 మీటర్లకు పైగా పోతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 44 కిలోమీటర్లు. మీ కాళ్లకు ఈ గేర్లు ధారాళంగా సరిపోతాయి.

ఇంతకూ ఏం చేయమంటానంటే, ముందు టైర్లు మార్చండి. టైరు పక్కన 40-622 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండవది టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. రోడ్ బైక్ చక్రం కూడా సాధారణంగా 622 కనుక, మీదీ అదే అయితే 32-622 నున్నని టైరు మీ రిమ్ముకు సరిపోవచ్చు. సన్నదనం కన్నా నునుపూ పలుచదనమూ ముఖ్యమని గుర్తుంచుకోండి. మందపాటి రబ్బరు, గుబ్బల అచ్చు, రోడ్డు మీద ప్రతి చుట్టులోనూ మెదిలి బలాన్ని తినేస్తాయి. టైరుతో పాటు ట్యూబునూ ఆ కొలతకే తీసుకోండి, పెద్ద ట్యూబు సన్నని టైరులో మడత పడి అక్కడే చిల్లు పడుతుంది. గాలి పంపుకు ఒత్తిడి చూపే ముల్లు ఉండాలి, టైరు మీద అచ్చైన గరిష్ఠ హద్దు దాటవద్దు.

తరువాత స్టెమ్ కింద ఉన్న రింగులను ఒక్కొక్కటిగా పైకి మార్చి హ్యాండిల్‌ను కిందికి దించుకోండి. ఒక రింగు మార్చి వారం తొక్కి చూసి, నడుముకు నప్పితే రెండోది మార్చండి. ముందు ఫోర్కుకు స్ప్రింగు ఉండి, దాన్ని బిగించే మీట ఉంటే, తారు రోడ్డు మీద బిగించే తొక్కండి. ఎదురుగాలి వీచినప్పుడు మోచేతులు మడిచి, గడ్డం కిందికి దించి తొక్కితే, డ్రాప్ బార్ ఇచ్చే లాభంలో చాలా భాగం ఖర్చు లేకుండానే దక్కుతుంది. బ్రేకు మీది వేళ్లు మాత్రం తీయవద్దు.

మార్చుకోమని నేను చెప్పే సందర్భమూ ఒకటుంది. ఫ్రేమ్ పాతదై, మీకు కాస్త పొట్టిగా ఉండి, తక్కువ వైరు లాగితే చాలే పాతకాలపు కాంటిలివర్ బ్రేకులుండి, విడిభాగాలు సగానికి సగం ఇంట్లోనే పడి ఉంటే, పని నేర్చుకోవడం కోసం విప్పి బిగించండి. ఆ బ్రేకులు రోడ్ లివర్లతో బాగా పనిచేస్తాయి. అప్పుడు మీ చేతికి వచ్చే పనితనమే లాభం, వేగం ఎంత వచ్చినా సరే.

ఈ వారం సీటు కొన నుంచి హ్యాండిల్ మధ్యదాకా ఎంత దూరమో, రిమ్ము లోపలి వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, టైరు పక్కనున్న అంకెలతో సహా రాసి పంపండి. ఏ టైరు వేయాలో అవి చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య