అపోహలు - వాస్తవాలు: మట్టిలో కదిలేదల్లా వేరుపురుగు కాదు

మొన్న గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు ఫోన్. "సార్, మిరప మొదట్లో తవ్వితే తెల్లగా లావుపాటి పురుగులు. కొట్టులో పురుగుమందు గుళికలు చల్లమంటున్నారు. చల్లేదా?" కౌలు చేను, గొంతు నిండా టెన్షన్. "ఆగు బాబాయ్, నాలుగు డబ్బాలో వేసుకుని రా" అన్నాను.

తెచ్చాడు. టేబుల్ మీద పేపర్ పరిచి ఒకదాన్ని వదిలాను. ముడుచుకున్నది మెల్లగా విచ్చుకుని, వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకి పెట్టి వీపు మీదే పాకుతూ పేపర్ అంచుకి పోయింది. ఇది వేరుపురుగు కాదు, దిబ్బ ఎరువుతో చేలోకి వచ్చిన మరో పెంకుపురుగు పిల్ల. కుళ్లిన ఎరువు తిని బతుకుతుంది. వేరుపురుగు అలా పాకదు, పక్కకి పడి ఉంటుంది. అలాగని పక్కకి పడుకున్నదల్లా వేరుపురుగూ కాదు, దిబ్బలో పెరిగే కొమ్ముపురుగు పిల్ల కూడా అంతే. వాడిన మొక్కని పీకండి. వేరు కొరికి ఉంటేనే మందు మాట.

"చల్లితే పోయేదేముంది" అంటారు. డబ్బు సంగతి అటుంచండి, కార్బోఫ్యురాన్ గుళికలు వానపాముకి విషం. అలాంటిదే ఫోరేట్ గుళికల మందు, దాన్ని 2020 డిసెంబరుతో ఆపేశారు, ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు! నాకు పదిహేనేళ్లప్పుడు మా పత్తి చేలో గుళికలు చల్లి నీళ్లు పెట్టాం. తెల్లారేసరికి వానపాములు పైకొచ్చి మెలికలు తిరుగుతున్నాయి. వాటిని తిన్న గోరింకలు రెండు గట్టు మీద చచ్చి పడున్నాయి. "మందు గట్టిదిరా" అని మా నాన్న సంబరపడ్డాడు. నేనూ పడ్డాను.

నల్లరేగడిలో వాన నీరు దిగడానికి వానపాము బొరియలు దారి. ఆ దారులు మూసుకుపోతే తుఫాను వానకి వేళ్ల దగ్గర నీరు నిలిచి మిరప ఉరకెత్తక ఏమవుతుంది?

"ఏప్రిల్‌లో తవ్వితే ఒక్క వానపామూ లేదు, నేల చచ్చిపోయింది." చావలేదు. లోపలికి దిగి ఉండలా చుట్టుకుని పడుకున్నాయి. తొలకరి పడ్డాక చూడండి. ఈలోగా కంగారుపడి వర్మీకంపోస్టు పాముల్ని కిలోల లెక్కన కొని చేలో వదలకండి. అవి పేడలో, చెత్తలో బతికేవి, పత్తి చేలో నిలవవు.

యూరియాతో వానపాములు చస్తాయన్నది సగం నిజం. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే చోట 1856 నుంచి గడ్డి మడుల మీద ప్రయోగం నడుస్తోంది. సున్నం వేయకుండా ఏళ్ల తరబడి యూరియాలాగే నత్రజని ఇచ్చే అమ్మోనియం సల్ఫేట్ వేసిన మడుల్లో నేల పులిసిపోయి, అంటే ఆమ్లం పెరిగి, వానపాములు మాయమయ్యాయి. మన నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ, అంత తేలిగ్గా పులవదు.

ముక్క చేస్తే రెండు వానపాములవుతాయా? అవ్వవు. రోటవేటర్‌తో కొన్ని తెగుతాయి నిజమే, అంతకన్నా పైన చెత్త లేకుండా చేయడమే ఎక్కువ చేటు. వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న పెట్టేవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు, వాళ్ల చేలో దుబ్బు కింద మట్టి తీసి చూడండి.

బాబాయ్ డబ్బా మూత పెట్టుకుని లేచాడు. "మరి వీటినేం చేయమంటావ్?"

"ఎక్కణ్నుంచి వచ్చాయో ఆ దిబ్బలోనే పోసెయ్" అన్నాను.